మెట్లు లెక్కపెట్టే పన్ను

కిందటి వారం లెక్కల టీచర్ని స్కూలు మెట్ల మీద ఎడమ దవడ పట్టుకుని నిలబెట్టి వచ్చేశాం. రెండో అంతస్తుకి ఇంకా సగానికి పైగా మెట్లు మిగిలే ఉన్నాయి. పాపం ఆవిడ అక్కడే ఉంది. మనమేమో వారం రోజులు వంటలూ ఉతుకులూ చేసుకుంటూ తిరిగాం. ముందు ఆవిణ్ణి కిందికి దింపుదాం.

దింపేలోగా, మధ్యలో వచ్చి కూర్చున్న వాళ్ళ కోసం రెండు ముక్కలు. రెండు నెలలుగా టీచరుకి కింది ఎడమ దవడ సలుపుతోంది. భర్త కట్టుడు పళ్ళు చేసే మనిషి. వీధి మొత్తానికీ పళ్ళ మేస్త్రి. అలాంటి ఇంట్లో దవడ నొస్తే అనుమానం ఇంకెటు పోతుంది? మేస్త్రి ఏ పళ్ళ డాక్టరుకి పని చేసిపెడతాడో, ఆ డాక్టరు కుర్చీలోనే ఆవిణ్ణి కూర్చోబెట్టారు. డాక్టరు ఒక పన్ను పీకాడు. నొప్పి తగ్గలేదు. పక్కది పీకాడు. తగ్గలేదు. మూడోదానికి శనివారం సాయంత్రం అయిదింటికి ముహూర్తం పెట్టాడు. ఆ శనివారం పొద్దున్నే మెట్ల మీద ఆవిడ కనిపెట్టిన సంగతి ఇదీ: నొప్పి వస్తున్నది పీకేసిన చోట. అంటే, లేని పన్ను నొస్తోంది.

ఒంటిపూట బడి అయ్యాక టీచరు మెట్లు దిగింది. దిగేటప్పుడు నొప్పి రాదు. అది కూడా, నొప్పి లెక్కలన్నీ వేసుకునే గళ్ళ పుస్తకంలో రాసుకుంది. సోమవారం పరీక్ష ప్రశ్నపత్రం బీరువాలో పెట్టి, మూడింటికల్లా ఇల్లు చేరింది. వాళ్ళది కింది వాటా. ఒక్క మెట్టు లేని ఇల్లు. అందుకే ఆ ఇంట్లో ఎవరూ ఆవిడ నొప్పిని కళ్ళారా చూడలేదు. ఆవిడ చెప్తే విన్నారు, విని పీకించారు.

ముందు గదే మేస్త్రి పనిగది. అరల నిండా ప్లాస్టరు దవడలు బారులు తీరి ఉంటాయి. సగం ఊరి నోళ్ళు అక్కడే ఉన్నా ఒక్కటీ మాట్లాడదు. కిటికీ పక్క బల్ల మీద స్పిరిటు దీపం, గులాబీ రంగు మైనం బిళ్ళలు, సన్నటి చాకులు. మేస్త్రి కళ్ళద్దాలు ముక్కు చివరికి జార్చుకుని ఎవరిదో పై చిగురు దిద్దుతున్నాడు. పనిలో ఉన్నప్పుడు పిడుగు పడిందని చెప్పినా "ఏ పన్ను మీద?" అని అడుగుతాడని అత్తగారి అభియోగం. ఆ అత్తగారు గుమ్మం పక్క కుర్చీలో కూర్చుని, కునుకు తీస్తున్నట్టు నటిస్తూ, చెవులు మాత్రం గది మధ్యలో పెట్టి ఉంచారు.

"ఏమండీ, ఒక లెక్క ఉంది," అంది టీచరు సంచి దింపకుండానే.

"అయిదింటికి డాక్టరు దగ్గరికి వెళ్ళాలి. వచ్చాక చూద్దాం."

"అయిదు లోపల తేలాల్సిన లెక్కే ఇది."

మేస్త్రి చాకు ఆపలేదు. టీచరు ఆ మైనం చిగురు మీదే పుస్తకం పెట్టినంత పని చేసింది.

"నేను రోజూ మెట్లు లెక్కపెట్టుకుంటూ ఎక్కుతాను."

"ఎందుకే?"

"ఎదుటివాళ్ళు నవ్వితే మీరు పళ్ళు లెక్కపెట్టుకోరూ?"

"అది వేరు."

"ఇదీ అంతే. వినండి. మొదట్లో నొప్పి ముప్ఫై ఒకటో మెట్టు దగ్గర మొదలయ్యేది. రెండు వారాల కింద ఇరవై ఏడు. మొన్న ఇరవై రెండు. ఇవాళ పద్దెనిమిది. ఆగి నిలబడితే మూడు నిమిషాల్లో పోతుంది. కూర్చుంటే రాదు. నమిలితే రాదు. చల్లటి నీళ్ళు పుక్కిలించినా రాదు. పన్నుకి మెట్లతో ఏం పనండీ? అదేమైనా నడిచి వస్తోందా?"

"నరం సంగతి నీకు తెలియదు. అక్కడ తీగ లాగితే ఇక్కడ డొంక కదులుతుంది."

"నరంతో సహా పీకేశారుగా."

"పక్క పన్ను నరం అయ్యుంటుంది."

"పక్క పన్నూ పీకేశారు. ఇలా పక్కకి పక్కకి జరుగుతూ పోతే వచ్చే నెలకి మెడ దగ్గరికొస్తారు."

కునుకులో ఉన్న అత్తగారు కళ్ళు తెరవకుండానే, "లవంగం పెట్టుకోమ్మా అంటే వింటేనా," అన్నారు.

"పెట్టుకున్నాను అత్తయ్యా. లవంగంతోనే మెట్లెక్కాను. పద్దెనిమిదో మెట్టు మీద లవంగం కూడా నొచ్చింది."

మేస్త్రి నవ్వబోయి ఆగాడు. ఆవిడ నవ్వడం లేదు.

"ఆ రెండు పళ్ళూ ఇలా ఇవ్వండి," అంది టీచరు.

ఈ పళ్ళ సంగతి కొంచెం చెప్పాలి. పీకిన పన్నుని డాక్టరు పారెయ్యడు. చిన్న సీసాలో వేసి, నోటి అచ్చుతో పాటు మేస్త్రికి పంపిస్తాడు. దాని రంగూ, వంపూ, నునుపూ చూసుకుని మేస్త్రి దానికి జోడీ చేస్తాడు. ఊళ్ళో మిగతా వాళ్ళు డబ్బాలోంచి తీసిన పన్ను అతికించి పంపిస్తే, ఈయన మనిషి పన్నుని మనిషికే తిరిగి ఇస్తాడని పేరు. భార్య పళ్ళకైతే నాలుగు రోజులు కూర్చున్నాడు. చిన్నప్పుడు పలక అంచు కొరికి తెచ్చుకున్న పెచ్చు ఒకటుంటే, ఆ పెచ్చుతో సహా చేసి పెట్టాడు. ప్రేమలేఖ రాయడం రాని మగవాళ్ళు ఇలాంటివేవో చేస్తుంటారు.

మేస్త్రి సొరుగు లాగాడు. లాగి, మళ్ళీ మూశాడు.

"ఇప్పుడవెందుకే?"

"మీకు తెలిసినంత బాగా పన్ను ఇంకెవరికీ తెలియదు. చూసి చెప్పండి. పుచ్చిందా?"

రెండు సీసాలూ బల్ల మీదికి వచ్చాయి. మొదటి పన్నుని మేస్త్రి రెండు వేళ్ళ మధ్య పట్టుకుని కిటికీ వెలుగుకి పెట్టాడు. ఏ పన్నైనా అలా ఒక్కసారి చూస్తే ఆయనకి చాలు. ఇవాళ మూడుసార్లు తిప్పి చూశాడు.

"పుచ్చలేదు," అన్నాడు.

"వేరు?"

"శుభ్రంగా ఉంది."

"రెండోదో?"

మేస్త్రి రెండో సీసా మూత తీసి, ఆ పన్నునీ వెలుగుకి పెట్టాడు.

"రెండోది... మొదటిదానికన్నా శుభ్రంగా ఉంది."

అత్తగారు కళ్ళు తెరిచారు. ఇక నటించి లాభం లేదనుకున్నారు కాబోలు.

"మీకెప్పుడు తెలిసింది?" టీచరు గొంతు పెరగలేదు. క్లాసులో కాపీ కొట్టిన వాడితో కూడా ఆవిడ ఇలాగే మాట్లాడుతుంది. అందుకే వాళ్ళు అంత భయపడతారు.

"సీసా మూత తియ్యగానే."

"మొదటిదా, రెండోదా?"

"...రెండూ."

"మరి నోరు తెరవలేదేం?"

మేస్త్రి పన్నుని జాగ్రత్తగా సీసాలో వేశాడు. ఆ సీసా మీద అక్షరాలు ఆయనవే: తేదీ, 'మా ఇంట్లో' అని.

"పీకేశాక చెప్పి ఏం లాభం? మళ్ళీ నాటగలమా? నువ్వు బాధపడతావని... అయినా ఆయన డాక్టరు, నేను మేస్త్రిని. ఎక్స్‌రేలో ఏదో మసక కనిపించిందన్నాడు. గోడ కట్టేవాడు పోయి ఇంజనీరుకి నీ పునాది తప్పని చెప్తాడా?"

"చెప్పకపోతే ఇల్లు కూలుతుంది. అందులో ఉండేది నేను."

మేస్త్రి అరల వైపు చూశాడు. అరల మీద సగం ఊరి నోళ్ళున్నా ఒక్కటీ సాయం రాలేదు.

టీచరు నాలుకతో ఆ పెచ్చుని తడుముకుంది. కట్టుడు పన్ను పెట్టిన దగ్గర్నుంచీ అలవాటైంది. కోపం వచ్చినప్పుడు తడిమితే కోపం సగమైపోతుంది. ఇవాళ కూడా సగమైంది. కానీ పట్టుదల కోపం లాంటిది కాదు, అది సగం కాలేదు.

"సరే. పోయిన పళ్ళు పోయాయి. ఇప్పుడు మిగిలిన లెక్క చూడండి. మెట్లెక్కుతుంటే ఒంట్లో ఎవరెవరికి పని పెరుగుతుంది? కాళ్ళకి. నా కాళ్ళు నొప్పి అనలేదు. ఊపిరికి. అది కొంచెం ఆయాసపడుతుంది, ఆగితే సర్దుకుంటుంది. ఇంకెవరికి?"

మేస్త్రి జారిన కళ్ళద్దాలు పైకి తోసుకున్నాడు.

"పళ్ళు ఈ పట్టికలో లేవు. కొట్టేశాను. మిగిలింది గుండె. స్కూలు నుంచే ఫోన్ చేసి గుండె డాక్టరమ్మ దగ్గర పేరు రాయించాను. అయిదింటికే."

"గుండేంటమ్మాయ్!" అత్తగారు కుర్చీలోంచి లేచారు. "పళ్ళ ఇంట్లో గుండె జబ్బెలా వస్తుంది? నీ రొమ్ములో ఎప్పుడైనా నొప్పి వచ్చిందా?"

"రాలేదు."

"మరింకేం!"

"అదే కనుక్కోవడానికి వెళ్తున్నాను."

అప్పుడే ఫోన్ మోగింది. పళ్ళ డాక్టరు. కుర్చీ ఖాళీగా ఉంది, ఇప్పుడే తీసుకొచ్చేయమంటున్నాడు. మేస్త్రి ఫోన్ పట్టుకుని భార్యని చూశాడు, సీసాలని చూశాడు. ఇరవై ఏళ్ళుగా ఈ గొంతుకి 'సరేనండి' తప్ప ఆయన ఇంకో మాట చెప్పలేదు.

"అదీ... ఇవాళ కుదరదండీ... ఆవిడకి స్కూల్లో మీటింగుంది... ఆ, ఆ, సోమవారం... సరేనండి."

పెట్టేశాక తల ఎత్తలేదు.

"నేను మీటింగులో ఉన్నానన్నమాట," అంది టీచరు. "పదండి మరి, ఆలస్యంగా వెళ్తే బాగుండదు."

*

అత్తగారూ వచ్చారు. ఇంట్లో ఒక్కదాన్నీ కూర్చుంటే నాకే గుండె నొప్పి వస్తుందన్నారు. కాదనే ధైర్యం ఎవరికీ లేకపోయింది.

గుండె డాక్టరమ్మ గది ఆస్పత్రి కింది అంతస్తులోనే ఉంది. మెట్లు పెట్టనందుకు ఆ కట్టడం గీసినవాడికి టీచరు మనసులో తొంభై మార్కులు వేసింది. హాల్లో ఇనప కుర్చీలు చూసి పది తగ్గించింది.

డాక్టరమ్మ పొట్టిగా, చురుగ్గా ఉంది. ముందు పడుకోబెట్టి ఈసీజీ తీయించింది. పొడుగాటి కాగితం వేళ్ళ మధ్య జార్చుకుంటూ, "గీతలు బాగానే ఉన్నాయి," అంది.

"చూశావా!" మేస్త్రి మొహం వెలిగింది. "నేను చెప్పలా!"

"మీరేం చెప్పారండీ?" డాక్టరమ్మ కుతూహలంగా అడిగింది.

"పన్ను అని చెప్పారు," అంది టీచరు. "రెండు పీకించారు."

డాక్టరమ్మ కాగితం కింద పెట్టింది. "పడుకున్న గుండెని అడిగితే బాగానే ఉన్నానంటుంది. అది పని చేస్తున్నప్పుడు అడగాలి. నొప్పి ఎప్పుడొస్తుంది?"

టీచరు గళ్ళ పుస్తకం అందించింది. డాక్టరమ్మ మొదటి పేజీ చిరునవ్వుతో తిప్పింది. రెండో పేజీకి నవ్వు పోయింది. వేలితో అంకెల వెంట పైనుంచి కిందికి వచ్చి, ఆఖరి వరస దగ్గర ఆగింది.

"మీ నాన్నగారున్నారా?"

"లేరండి. యాభై రెండో ఏట పోయారు. గ్యాసు."

"గ్యాసని ఎవరన్నారు?"

"అందరూ అన్నారు."

"బీపీ ఉందా?"

"ఉంది. గుర్తొచ్చినప్పుడు మాత్ర వేసుకుంటాను."

"ఎన్నాళ్ళకోసారి గుర్తొస్తుంది?"

"మీలాంటి వాళ్ళు అడిగినప్పుడు."

డాక్టరమ్మ నర్సుని పిలిచి ఏదో రాసిచ్చింది. తర్వాత కుర్చీ ముగ్గురి వైపూ తిప్పుకుంది. "నాకు వచ్చిన అనుమానం చెప్తాను. గుండె రోజంతా ఒళ్ళంతటికీ రక్తం వడ్డిస్తుంది కదా. మరి దాని తిండి సంగతి?"

"అందులోంచే తింటుంది," అన్నాడు మేస్త్రి.

"తినదు. అంత రక్తం దాని గదుల్లోంచే పోతుంది, అయినా అందులో ఒక్క ముద్ద దానికి దక్కదనే చెప్పాలి. గుండె పైన మూడు సన్నటి రక్తనాళాలు పాకి ఉంటాయి. దాని వాటా ఆ మూడు దారుల్లోంచే రావాలి."

"ఇంటిల్లిపాదికీ వడ్డించి తను వంటింటి మూల తినే ఇల్లాల్లాగ," అన్నారు అత్తగారు.

"సరిగ్గా అలాగే పెద్దమ్మా. ఆవిడ తిన్నదో లేదో ఎవరూ చూడరు. ఏళ్ళ తరబడి ఆ నాళాల గోడల్లో కొవ్వూ సున్నమూ పేరుకుంటాయి. దారి ఇరుకవుతుంది."

మేస్త్రి ముందుకి వంగాడు. తన సరిహద్దులోకి వచ్చిన మాట వినపడింది. "పంటికి గార పట్టినట్టా అండీ?"

"దాదాపు. కానీ గార పైన అంటుకుంటుంది, మీరు గీకేస్తారు. ఇది గోడ లోపల చేరుతుంది. గీకితే పోయేది కాదు. మాత్రలతో పెరగకుండా ఆపుతాం; దారి మరీ మూసుకుంటే తీగ పంపి తెరిచి చిన్న జాలీ గొట్టం పెడతాం, లేదంటే ఆపరేషను చేసి పక్కదారి వేస్తాం."

"మరి దవడ?" అంది టీచరు. తన లెక్కలో ఆ ఒక్క మెట్టే అందలేదు.

"కూర్చున్నప్పుడు ఇరుకు దారిలో వచ్చిందే గుండెకి సరిపోతుంది. మెట్లెక్కితే ఎక్కువ కావాలి, రాదు. అప్పుడు కేకేస్తుంది. కానీ గుండెకి తన నొప్పి ఎక్కడో సరిగ్గా చెప్పడం చేతకాదు. దాని కబురూ, దవడ కబురూ, చేతి కబురూ దాదాపు ఒకే దారిన మెదడుకి పోతాయి. మెదడు పొరబడుతుంది."

"పక్కింటావిడ ఉత్తరం మనింట్లో పడేసినట్టు," అన్నారు అత్తగారు.

"అంతే. కొందరికి రొమ్ము బిగిసినట్టుంటుంది. కొందరికి వీపు, కొందరికి చెయ్యి, కొందరికి ఒట్టి ఆయాసం. ముఖ్యంగా ఆడవాళ్ళలో ఇలాంటి చాటుమాటు నొప్పుల్ని గ్యాసనో నీరసమనో తోసేస్తుంటారు."

టీచరుకి నాన్న కుర్చీలో కూర్చుని పొట్ట రుద్దుకుంటున్న సాయంత్రం ఒకటి గుర్తొచ్చింది. అప్పుడు ఆవిడకి పదిహేడేళ్ళు. వాము నీళ్ళు తెచ్చిచ్చింది తనే.

"ఇప్పుడు అసలు మాట," డాక్టరమ్మ పుస్తకం మీద వేలు పెట్టింది. "రోజూ ముప్ఫై ఒకటో మెట్టు దగ్గరే నొప్పి వస్తుంటే నేను సోమవారం రండి అనేదాన్ని. కానీ ముప్ఫై ఒకటి, ఇరవై ఏడు, ఇరవై రెండు, పద్దెనిమిది. లెక్కల టీచరు మీరు. ఈ వరస ఎటు పోతోంది?"

"తగ్గుతోంది."

"గోడలో పేరుకున్నదాని పైపొర చిట్లితే దాని మీద నిమిషాల్లో రక్తం గడ్డకడుతుంది. దారి పూర్తిగా మూసుకుంటుంది. గుండెపోటంటే అది. ఆ దారి మీద బతికే కండ ఆకలితో చచ్చిపోవడం మొదలెడుతుంది. మిగిలిన కండే మొత్తం చాకిరీ చెయ్యాలి. చేసి చేసి అలిసిపోతుంది, కాళ్ళకి నీరొస్తుంది, పడుకుంటే ఊపిరాడదు." ఆవిడ మేస్త్రి వైపు తిరిగింది. "పన్ను పోతే మీరు కట్టిస్తారు. చచ్చిపోయిన గుండె కండని కట్టించే మేస్త్రి ఇంకా పుట్టలేదు. అందుకని ఇవాళే చేరాలి. రేపు పొద్దున్నే యాంజియోగ్రాం చేసి ఆ మూడు దారులూ చూద్దాం."

"ఇవాళేనా?" మేస్త్రి లేచి నిలబడ్డాడు. "బట్టలవీ..."

"చేరతాను," అంది టీచరు. "సోమవారం పదో తరగతికి పరీక్ష ఉంది. ప్రశ్నపత్రం బీరువాలో ఉందని మా హెడ్మాస్టరుకి చెప్పాలి, అంతే."

"మా కోడలి గుండె గట్టిదేనమ్మా," అన్నారు అత్తగారు డాక్టరమ్మతో, కోడలి సంచి తన ఒళ్ళోకి తీసుకుంటూ. "ఇరవై రెండేళ్ళుగా నన్ను భరిస్తోంది."

నర్సు తెచ్చిన మాత్రని మింగొద్దు, నమలమంది డాక్టరమ్మ. టీచరు నమిలింది. ఎడమ దవడతోనే. మేస్త్రి కట్టిన పళ్ళు మొదటిసారి అన్నం కాని పనికి అక్కరకొచ్చాయి. ఆయన అది చూసి కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. అద్దాలు శుభ్రంగానే ఉన్నాయి.

"పైన మంచం సిద్ధం చేస్తున్నారు. పది నిమిషాలు హాల్లో కూర్చోండి, చక్రాల కుర్చీలో తీసుకెళ్తారు. ఒక్క మెట్టు కూడా ఎక్కకండి," అని లేచింది డాక్టరమ్మ. "లోపల ఇంకొకాయన నా కోసం బల్ల మీద పడుకుని ఉన్నాడు. ఆఖరి మాట. ఊరికే కూర్చున్నప్పుడు నొప్పి వచ్చిందంటే, మర్యాదలు చూసుకోకండి. ఎవరున్నా, ఏం చేస్తున్నా, అరవండి."

"మావాడికి అరవడం చేతకాదమ్మా," అన్నారు అత్తగారు. "పుట్టినప్పుడు కూడా ఏడవలేదు. మంత్రసాని రెండుసార్లు గిల్లింది."

*

హాలు చివర జంట తలుపులు. డాక్టరమ్మ వాటి వెనక్కి వెళ్ళగానే పైన ఎర్రదీపం వెలిగింది.

మేస్త్రి కిటికీ దగ్గర నిలబడి చేరిక కాగితాలు నింపుతున్నాడు. ఆయన చేతిరాత చిన్నది. సీసాల మీద రాసి రాసి అలా అయింది. "పెద్దగా రాయండి సార్, కనపడట్లేదు," అంటోంది అవతలి అమ్మాయి. సారీ చెప్పి, ఇంకా చిన్నగా రాస్తున్నాడు. అత్తగారు మంచినీళ్ళ కోసం వెళ్ళారు.

టీచరు ఇనప కుర్చీలో ఒక్కతే కూర్చుంది. ఒళ్ళో గళ్ళ పుస్తకం. మనసు తేలిగ్గానే ఉంది. తెలియని లెక్క భయపెడుతుంది గానీ, తెలిసిన లెక్క ఎంత పెద్దదైనా చెయ్యడమే కదా. మూడు దారులు. రేపు పొద్దున్న. తర్వాత తెరవడమో, పక్కదారో. సోమవారం పరీక్ష దిద్దడానికి కుదరదు, బుధవారం అయితే...

ఎడమ దవడలో ఎవరో వేలు పెట్టి నొక్కినట్టయింది.

ఆవిడ కదలకుండా ఉంది. అలవాటు ప్రకారం, ఆగిపోదామనుకుంది. కానీ ఆగే ఉంది కదా. కూర్చునే ఉంది కదా. మూడు నిమిషాల్లో పోయేదల్లా ఈసారి దవడ నుంచి మెడకీ, మెడ నుంచి ఎడమ భుజానికీ దిగింది. నుదుటి మీద చల్లటి చెమట. ఏమండీ అని పిలవబోయింది. దవడ సగం దాకా తెరుచుకుంది, మాట రాలేదు.

మాట రాకపోతే చెయ్యి ఉంది. ఇరవై నాలుగేళ్ళుగా నలభై మంది పిల్లల్ని ఒక్క డస్టరు దెబ్బతో కూర్చోబెట్టిన చెయ్యి. పెన్ను తీసి ఒకే ఒక్క అంకె వేసింది. పుస్తకం మూసి, ఉన్న బలమంతా పెట్టి, పక్క కుర్చీ ఇనప వీపు మీద కొట్టింది.

హాలు హాలంతా తిరిగి చూసింది. మేస్త్రి కూడా చూశాడు.

ఆవిడ పుస్తకం తెరిచి, బోర్డు మీద చూపించినట్టు, ఆయన వైపు పట్టుకుంది.

పెన్ను ఎక్కడ పడేశాడో, కాగితాలు ఎక్కడ జారాయో తెలియదు. దగ్గరికొచ్చేసరికి ఆయనకి కనపడింది. పద్దెనిమిది కింద ఇవాళ్టి తేదీయే మళ్ళీ, దాని పక్కన అంకె. సున్న.

సీసా మూత తెరిచి నోరు మూసుకున్న మనిషి ఒక్క క్షణం అలాగే నిలబడ్డాడు. డాక్టర్లు లోపల పనిలో ఉన్నారు. పైన ఎర్రదీపం. కుర్చీల్లో అంతమంది పెద్దమనుషులు. ఆయన భార్య చేతిని గట్టిగా పట్టుకున్నాడు. అది చల్లగా ఉంది.

"డాక్టరమ్మా!"

మంచినీళ్ళ గ్లాసుతో వస్తున్న అత్తగారు నిలబడిపోయారు. యాభై మూడేళ్ళలో ఆ గొంతు అంత పెద్దదని ఆవిడకి తెలియదు.

"డాక్టరమ్మా! ఇది పన్ను కాదు! ఆవిడ కూర్చునే ఉంది! కూర్చునే ఉంది!"

నర్సు ఒకామె పరుగున వచ్చి టీచరు చెయ్యి అందుకుంది. చక్రాల కుర్చీ ఎక్కడో గోడకి తగిలిన చప్పుడు. మేస్త్రి జంట తలుపుల దాకా పరిగెత్తి, జీవితంలో మొదటిసారి, పిలవని తలుపుని రెండు అరచేతులతో బాదాడు.

పైన ఎర్రదీపం ఇంకా వెలుగుతూనే ఉంది.